నిమిషంలో మనిషి

బెంగళూరులోని యలహంక న్యూటౌన్ నుంచి అటు దొడ్డబళ్ళాపుర రోడ్డు, ఇటు బళ్ళారి రోడ్డు వెంబడి ఇంజినీరింగు, మేనేజ్‌మెంటు కాలేజీలు బోలెడు. హిందూపురం, కదిరి, అనంతపురం నుంచి వచ్చి చేరిన తెలుగు పిల్లలు వాటిలో తక్కువేం కాదు. ప్రాజెక్టు రిపోర్టుల గడువు ముంచుకొచ్చే రోజుల్లో వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారాలు ఎడాపెడా తిరుగుతుంటాయి. "అన్నా, రెండు నిమిషాలే, కొంచెం ఫిల్ చెయ్యవా" అని ఒక వేడుకోలు, కింద లింకు. మొదట వయసు, సెమిస్టరు. మధ్యలో ఫోను వాడకం గురించో, వాయిదాల మీద కొనడం గురించో అసలు ప్రశ్నలు. చివర్లో, అప్పటికే బొటనవేలు అలిసిపోయాక, ఓ పది వాక్యాలు. మీరు నలుగురిలో చొరవగా ఉంటారా, చిన్నదానికే కంగారు పడతారా, పనులు పద్ధతిగా చేస్తారా? ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒక అంకె నొక్కాలి.

ఆ పది అంకెల్ని రెండేసి చొప్పున కలిపితే అయిదు అంకెలొస్తాయి. రిపోర్టులో ఆ అయిదింటికీ కలిపి పెట్టే పేరు "వ్యక్తిత్వం".

నవ్వుకోవడం తేలికే. కానీ ఆ పది వాక్యాలు పిల్లలు తోచినట్టు రాసుకున్నవి కావు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ గాస్లింగ్, పీటర్ రెంట్‌ఫ్రో, విలియం స్వాన్ అనే ముగ్గురు 2003లో అచ్చు వేసిన ప్రశ్నావళి అది. పొట్టిగా "టిపి" అంటారు. వేల పరిశోధనా పత్రాల్లో దాన్ని వాడారు. 2007లో బియాట్రిస్ రామ్‌స్టెట్, ఆలివర్ జాన్ ఇంకో పది ప్రశ్నల ప్రశ్నావళి తెచ్చారు. ఒక్క నిమిషంలో, ఇంకా తక్కువలోనే వ్యక్తిత్వం కొలుస్తామని పత్రం శీర్షికలోనే చెప్పుకున్నారు. ఇంత పొట్టిది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ అధ్యాయం.

పొట్టిదాని సంగతి తెలియాలంటే ముందు పొడుగుదాన్ని చూడాలి. 1936లో గార్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ ఒక ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మనుషుల తీరును చెప్పే మాటలన్నీ ఏరితే 17,953 తేలాయి. తర్వాతి వాళ్ళు అర్ధ శతాబ్దం పాటు ఆ మాటల్ని గుంపులు కడుతూ పోయి చివరికి అయిదు గుణాల దగ్గర ఆగారు: బహిర్ముఖత, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ, మానసిక స్థిరత్వం, కొత్తదనం మీద ఆసక్తి. ఈ అయిదింటినీ కొలవడానికి పాల్ కోస్టా, రాబర్ట్ మెక్‌క్రే 1992లో ఇచ్చిన ప్రశ్నావళిలో 240 ప్రశ్నలున్నాయి, గుణానికి 48. అది తెలుగులోకీ వచ్చింది. మెక్‌క్రే 2002లో 36 సంస్కృతుల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు భారతదేశం నుంచి అందులో ఉన్నవి మరాఠీ, తెలుగు. అంటే 240 ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు చెప్పిన తెలుగువాళ్ళు ఉన్నారన్నమాట.

కానీ ఆ ఓపిక అందరి దగ్గరా ఉండదు, డబ్బు అంతకన్నా ఉండదు. జాతీయ సర్వేలో ఇంటింటికీ వెళ్ళి అడిగే ఒక్కో నిమిషం ఖర్చుతో కూడిన పని. ఆదాయం, అప్పులు, ఆరోగ్యం, ఓటు అన్నీ అడిగాక మిగిలే జాగాలో 240 ప్రశ్నలు పట్టవు. పది పడతాయి. గాస్లింగ్ బృందం కూడా ఇదే చెప్పింది: జాగా లేనప్పుడు, వ్యక్తిత్వం అసలు విషయం కానప్పుడు, కొంత నాణ్యత పోయినా ఫరవాలేదనుకున్నప్పుడు దీన్ని వాడండి, వీలుంటే పెద్దదే వాడండి. మందు డబ్బా మీది హెచ్చరికలాంటి ఈ మాటను ఉదహరించినవాళ్ళు, ప్రశ్నావళిని వాడుకున్నవాళ్ళతో పోలిస్తే తక్కువే అనుకుంటాను.

ఇక విశ్వసనీయత. గైడు దగ్గరికి రిపోర్టు తీసుకెళ్తే ఆయన మొదట అడిగేది "ఆల్ఫా ఎంత?" అని. లీ క్రోన్‌బాక్ 1951లో స్థిరపరిచిన ఈ లెక్క ఒకే గుణాన్ని అడిగే ప్రశ్నల జవాబులు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చూస్తుంది. సున్నా అంటే ఏ పొత్తూ లేదు, ఒకటి అంటే అన్నీ ఒకే మాట. 0.70 దాటితే పాసు అన్నది ఆనవాయితీ. టిపి సొంత పత్రంలోనే ఉన్న ఆల్ఫాలు చూడండి: బహిర్ముఖతకు 0.68, మానసిక స్థిరత్వానికి 0.73, కర్తవ్యనిష్ఠకు 0.50, కొత్తదనానికి 0.45, సౌమ్యతకు 0.40. ఆ ఆనవాయితీ ప్రకారం అయిదింటిలో నాలుగు ఫెయిలు.

చిత్రమేమిటంటే, అదే పత్రంలో అదే మనుషుల్ని ఆరు వారాల తర్వాత మళ్ళీ అడిగితే మొదటిసారి, రెండోసారి అంకెల మధ్య సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయన్న కొలత) సగటున 0.72 వచ్చింది. 44 ప్రశ్నల పెద్ద ప్రశ్నావళితో పోల్చినా సగటు 0.77. లోపల రెండు ప్రశ్నలకూ పొత్తు కుదరదు, కానీ ఆ రెండూ కలిపి ఇచ్చే అంకె మాత్రం నిలకడగా ఉంటుంది. ఇదెలా?

రెండు ప్రశ్నలే ఉన్నప్పుడు వాటిని ఎలా ఎంచుకోవాలో ఆలోచిస్తే తెలుస్తుంది. "పనులు పద్ధతిగా చేస్తాను", "పనులు క్రమంగా చేస్తాను" అని అడిగామనుకోండి. ఆల్ఫా ఆకాశాన్నంటుతుంది, కానీ మనం అడిగింది ఒకే ప్రశ్నను రెండుసార్లు. కర్తవ్యనిష్ఠలో మాట నిలబెట్టుకోవడం ఉంది, వాయిదా వేయకపోవడం ఉంది, సోమరితనం లేకపోవడం ఉంది, అవన్నీ బయటే ఉండిపోయాయి. రేమండ్ క్యాటెల్ ఇలాంటి కొలతల్ని ఉబ్బించిన చిన్నముక్కలని ఎద్దేవా చేశాడు. గాస్లింగ్ బృందం తెలిసే రెండు ప్రశ్నల్నీ గుణానికి రెండు కొసల నుంచి తీసుకుంది. విస్తృతి కోసం ఆల్ఫాను వదులుకుంది. అందుకే రెండు ప్రశ్నల ప్రశ్నావళిని ఆల్ఫాతో తూచి పారేయడం అన్యాయం. ఆల్ఫా బాగా వచ్చిందని సంబరపడటం అంతకంటే ప్రమాదం.

అలాగని ప్రశ్నల సంఖ్యకు విలువే లేదనుకోకూడదు. ప్రశ్నలు పెరిగితే విశ్వసనీయత ఎంత పెరుగుతుందో చార్ల్స్ స్పియర్‌మన్, విలియం బ్రౌన్ 1910లో విడివిడిగా ఒకే సూత్రం చెప్పారు. ఒక్కో ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య సహసంబంధం 0.30 అనుకుందాం, వ్యక్తిత్వపు ప్రశ్నలకు ఇది మామూలే. రెండు ప్రశ్నలతో విశ్వసనీయత 0.46. నాలుగైతే 0.63. ఎనిమిదైతే 0.77. పన్నెండైతే 0.84. గమనించండి, రెండు నుంచి నాలుగుకు వెళ్ళినప్పుడు వచ్చిన లాభం ఎనిమిది నుంచి పన్నెండుకు వెళ్ళినా రాదు. 48 ప్రశ్నల్లో చివరి ముప్పై అడగకపోయినా నష్టం కొద్దే. మొదటి నాలుగైదు అడగకపోతే నష్టం చాలా పెద్దది. అందుకేనేమో క్రిస్టఫర్ సోటో, ఆలివర్ జాన్ 2017లో తమ 60 ప్రశ్నల కొత్త ప్రశ్నావళిని కుదించినప్పుడు 30కీ, 15కీ కుదించారు గానీ అయిదుకు దించలేదు.

ఈ అంకెలు ఒక మనిషి విషయంలో ఏం చెబుతున్నాయో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. యలహంకలోని రైల్ వీల్ ఫ్యాక్టరీలో 1984 నుంచి రైలు చక్రాలు తయారవుతున్నాయి. చక్రం వ్యాసం ఇవాళ కొలిచినా రేపు కొలిచినా ఒకటే. తేడా వస్తే అది చక్రానిది కాదు, పనిముట్టుది, అదీ వెంట్రుకవాసి. మనిషి కొలత అలా కాదు. రెండు ప్రశ్నల కొలమానానికి విశ్వసనీయత 0.50 అనుకుంటే, సరిగ్గా సగటు అంకె తెచ్చుకున్న విద్యార్థి అసలు స్థానం వందమందిలో కింది నుంచి ఎనిమిదో వాడి దగ్గర నుంచి తొంభై రెండో వాడి దగ్గర దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నూటికి 95 పాళ్ళ ధీమాతో మనం చెప్పగలిగింది అంతే. మళ్ళీ అడిగితే వచ్చిన 0.72ను తీసుకున్నా పదిహేను నుంచి ఎనభై అయిదు దాకా. విశ్వసనీయత 0.90 ఉన్న పొడుగు ప్రశ్నావళితో కూడా ఇరవై ఏడు నుంచి డెబ్భై మూడు. మనిషిని తూచే పని అంత కష్టం.

అదే యలహంకలో వైమానిక స్థావరం ఉంది, 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన జరిగే చోటు. అక్కడ పనిచేసే అధికారులు ఎంపిక మండలి ముందు రోజుల తరబడి కూర్చుని వచ్చినవాళ్ళు. ఆ పరీక్షల్లో పదిహేను సెకన్లకొక మాట చొప్పున అరవై మాటలకు తోచిన వాక్యం రాయాలి, అరగంటలో అరవై సందర్భాలకు ఏం చేస్తారో చెప్పాలి, బొమ్మ చూసి కథ అల్లాలి, గుంపులో పనులు చేయాలి, ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఇదంతా అచ్చంగా నమ్మదగ్గదని నేననను. బొమ్మ చూపించి కథ రాయించే పరీక్షల మీద మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాలుగా తగువులున్నాయి. కానీ ఒక మనిషి గురించి ఒక నిర్ణయం తీసుకోవాలంటే అనేక కోణాల నుంచి, అనేకసార్లు చూడాలన్న ఇంగితం అందులో ఉంది. పది ప్రశ్నల ఫారంతో "నీకు సేల్స్ సరిపడదు" అని చెప్పే కెరీర్ కౌన్సెలింగులో అది లేదు.

పరిశోధకుడి సమస్య వేరు. అతనికి ఈ విద్యార్థి గురించీ ఆ విద్యార్థి గురించీ చెప్పాల్సిన పనిలేదు. కర్తవ్యనిష్ఠ ఎక్కువున్నవాళ్ళకు సగటున మార్కులు ఎక్కువొస్తాయా అన్నదే ప్రశ్న. ఒక్కొక్కరి కొలతలో దొర్లిన తప్పు అటూ ఇటూ చెదిరి వందలమందిలో సర్దుకుంటుంది. సర్దుకుంటూ తన రుసుము తీసుకుంటుంది: అసలు సహసంబంధం 0.40 ఉంటే, గుణం కొలత విశ్వసనీయత 0.50, మార్కుల విశ్వసనీయత 0.80 అయినప్పుడు, మన చేతికొచ్చేది 0.25. అసలు బలంతో ఉన్నదాన్ని పట్టుకోవడానికి యాభై మంది లోపు చాలేవాళ్ళు, ఇప్పుడు నూట ఇరవై మంది దాటి కావాలి. మార్కస్ క్రెడె, తోటి పరిశోధకులు 2012లో చూపించింది ఇదే: అతి పొట్టి కొలతలు వాడితే ఉద్యోగంలో, చదువులో వ్యక్తిత్వం పాత్ర ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. "వ్యక్తిత్వానికీ దీనికీ సంబంధం లేదు" అని తేల్చే రిపోర్టుల్లో కొన్ని నిజానికి "మేం సరిగా అడగలేదు" అని చెబుతున్నాయి.

ఇక్కడిదాకా మంచి తప్పు. లెక్కకు దొరికే తప్పు. మనుషుల్ని పెంచితే తగ్గే తప్పు. దొరకని తప్పు ఒకటుంది, మనుషుల్ని పెంచితే అది ఇంకా బలుస్తుంది.

ఫోను ఎక్కువ వాడితే మార్కులు తగ్గుతాయా? ఎవరైనా లేవనెత్తే అభ్యంతరం, బాధ్యత తక్కువున్నవాడే ఫోనూ ఎక్కువ వాడతాడు, మార్కులూ తక్కువ తెచ్చుకుంటాడు కదా అని. "కర్తవ్యనిష్ఠను లెక్కలోంచి తీసేశాం" అంటాడు పరిశోధకుడు, రెండు ప్రశ్నల అంకెను పట్టికలో పడేసి. నిజంలో ఫోనుకూ మార్కులకూ నేరుగా ఏ సంబంధమూ లేదనుకుందాం, ఉన్నదంతా కర్తవ్యనిష్ఠ ద్వారానే, రెండు వైపులా 0.40 బలంతో. కొలత విశ్వసనీయత సగమే కాబట్టి తీసేసింది సగమే. మిగతా సగం ఫోను ఖాతాలో జమ అవుతుంది. లెక్క వేస్తే మైనస్ 0.09 దరిదాపుల్లో ఒక సంబంధం మిగులుతుంది. వంద మందిని అడిగితే అది కంటికి ఆనదు. వెయ్యి మందిని అడిగితే గణాంక పరీక్ష ఘనంగా పాసై, "కర్తవ్యనిష్ఠతో నిమిత్తం లేకుండా ఫోను మార్కుల్ని దెబ్బతీస్తోంది" అని పేపర్లో వస్తుంది. జేకబ్ వెస్ట్‌ఫాల్, తాల్ యార్కోని 2016లో ఈ ఉచ్చును విడమరిచి రాశారు. నా దృష్టిలో పొట్టి ప్రశ్నావళుల మీద వచ్చిన విమర్శలన్నిటిలో ఇదే గట్టిది. ఎందుకంటే టిపి లాంటివాటిని ఎక్కువగా వాడేది ఇలాంటి పక్క పనికే, "అది కూడా చూశాం" అనిపించుకోవడానికే.

మన వైపుకు వస్తే ఇంకో చిక్కు. టిపిలో ప్రతి గుణానికీ ఒక సూటి వాక్యం, ఒక తిరగేసిన వాక్యం ఉంటాయి. ఏది అడిగినా "అవునండీ" అనే మనిషి అన్నిటికీ ఆరు వేశాడనుకోండి. తిరగేసిన వాక్యపు ఆరును లెక్కలో రెండు చేస్తారు. ఆరూ రెండూ కలిపి సగం చేస్తే నాలుగు. అయిదు గుణాల్లోనూ నాలుగే. ఒకటి నుంచి ఏడులో సరిగ్గా నట్టనడుమ. పట్టికలో అతను సమతూకం గల సగటు మనిషిలా కనిపిస్తాడు. నిజానికి అతను మర్యాదస్తుడు, అంతే. ఇలాంటివాళ్ళు కొందరూ, సూటిగా చెప్పేవాళ్ళు కొందరూ ఒకే సర్వేలో కలిస్తే, కలిసి నడవాల్సిన రెండు ప్రశ్నలూ ఎదురెదురుగా నడుస్తాయి. పొడుగు ప్రశ్నావళిలో అయితే ఈ "అవునండీ" మోతాదును విడిగా కొలిచి తీసేయొచ్చు. రెండు ప్రశ్నల్లో అంత సందు లేదు.

ఇది ఊహ కాదు. ప్రపంచ విలువల సర్వే 2010–14 విడతలో అనేక దేశాల్లో ఇలాంటి పది ప్రశ్నలే వేసింది. స్టీవెన్ లూడెక్, ఎరిక్ లార్సెన్ 2017లో ఆ సమాచారం తిరగేస్తే, ఒకే గుణానికి చెందిన రెండు ప్రశ్నలు చాలాచోట్ల అంటీముట్టనట్టున్నాయి, కొన్నిచోట్ల ఎదురు తిరిగాయి. 2019లో రషీద్ లాజాజ్, కరెన్ మకూర్స్ తదితరులు ఇంకా పెద్ద ఎత్తున చూశారు: 23 అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో 94,751 మందిని ముఖాముఖి అడిగిన 29 సర్వేలు. వ్యక్తిత్వపు ప్రశ్నలు కొలవాల్సిన గుణాల్ని చాలావరకు కొలవలేకపోయాయి. అవే దేశాల నుంచి ఇంటర్నెట్‌లో తమంతట తాము నింపిన 198,356 మంది జవాబుల్లో మాత్రం అయిదు గుణాలూ చక్కగా తేలాయి. అంటే తేడా దేశంలో లేదు. చదువు, అడిగే మనిషి ఎదురుగా కూర్చుని ఉండటం, అతని మాట కాదనలేకపోవడం, ఇవీ తేడాలు.

ఎదురుగా కూర్చుని అడగడం ఎలా ఉంటుందో తెలియడానికి యలహంక నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు, అదే రైలు మార్గం మీద అనంతపురం దాకా చాలు. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడు వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించింది. ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచిన ఈ పనిలో హైదరాబాద్‌లోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం పాలుపంచుకుంది. అధ్యయనం జరిగిన జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఎత్తూ బరువూ చదువూతో పాటు పిల్లల ఆత్మాభిమానాన్ని, "నా చేతిలో ఉంది" అనే నమ్మకాన్ని కొద్దిపాటి వాక్యాలతో అడిగారు. తొమ్మిది మెట్ల నిచ్చెన చూపించి నీ బతుకు ఏ మెట్టు మీద ఉందో చెప్పమన్నారు. ఆత్మాభిమానపు వాక్యాల్లో తన బట్టలు చూసుకుంటే సిగ్గేస్తుందా అనే ధోరణివి ఉన్నాయి. ఇక్కడ ఆగాలి. చెప్పులు లేని పిల్ల "సిగ్గేస్తుంది" అంటే అది ఆ పిల్ల స్వభావమా, ఆ ఇంటి ఆదాయమా? స్టీఫన్ డెర్కాన్, ప్రమీలా కృష్ణన్ 2009లో ఈ పిల్లల ఇంటి స్థితికీ వాళ్ళ జవాబులకూ ముడి ఉందని చూపించారు. నలభై వాక్యాలున్న చోట ఒకటి పేదరికాన్ని కొలిచినా మిగతావి సర్దుతాయి. నాలుగే ఉన్న చోట ఆ ఒక్కటీ పావు వంతు.

యలహంకలో భాష కూడా కలుస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఫారంలో ఇంగ్లీషు. ఈ ఊరికిది కొత్తేం కాదు, యలహంక పాలకుడు కెంపేగౌడ తెలుగులో యక్షగానం రాశాడని చెబుతారు. రెండు భాషల మనిషి ఏ భాషలో జవాబిస్తే ఆ భాష వైపు కొంచెం జరుగుతాడు. స్పానిషు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళ మీద 2006లో వచ్చిన అధ్యయనంలో అవే మనుషులు ఇంగ్లీషులో అడిగితే ఇంకాస్త బహిర్ముఖంగా, సౌమ్యంగా, కర్తవ్యనిష్ఠులుగా తేలారు. ఆ పత్రం రాసినవాళ్ళలో గాస్లింగ్ కూడా ఒకరు.

మరి జాగా తక్కువ, ప్రశ్నలు ఎక్కువ కావాలి అన్నప్పుడు చేసేదేమిటి? మనుషుల్లో నమూనా తీసుకున్నట్టే ప్రశ్నల్లోనూ నమూనా తీసుకోవచ్చు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో విలియం రెవెల్ బృందం ఏళ్ళుగా చేస్తున్నదిదే: పెద్ద ప్రశ్నల కుప్ప ఉంటుంది, వచ్చిన ప్రతివారికీ అందులోంచి కొన్నే యాదృచ్ఛికంగా పడతాయి. కాలేజీ ప్రాజెక్టుకు దీన్ని కుదించుకోవచ్చు. అరవై ప్రశ్నలు, మూడు వందల మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి ఇరవై. ఏ రెండు ప్రశ్నలు తీసుకున్నా సగటున ముప్పై మందైనా ఆ రెండింటికీ జవాబు చెప్పి ఉంటారు. మంది ఇంకా ఎక్కువైతే ఇంకా మేలు. ఆ ముక్కల్లోంచి అరవై ప్రశ్నల మధ్య సంబంధాల పట్టిక మొత్తం కట్టుకోవచ్చు, "అవునండీ"ల మోతాదును విడదీయొచ్చు. ఏ రెండు ప్రశ్నలైనా ఏదో ఒక ఫారంలో కలిసి వచ్చేలా గూగుల్ ఫారాలు చాలా రకాలు తయారుచేసి పంచడం కంటే ఇందులో పెద్ద పనేం లేదు, విశ్లేషణ మాత్రం కొంచెం నేర్చుకోవాలి. ఒక్కటే సంగతి, ఇలా చేస్తే మూడు వందల మంది గురించి చెప్పగలం గానీ, ఏ ఒక్క విద్యార్థికీ పక్కవాడితో నేరుగా పోల్చదగ్గ మార్కు చేతికి రాదు. ప్లేస్‌మెంటు ఆఫీసు వాళ్ళు వచ్చి పేర్లవారీగా జాబితా అడిగితే ఇవ్వడానికేమీ ఉండదు.